తువ్వాల కింద ఎక్కాలు

ఆ కాలంల మా పెబ్బేరు దిక్కు పిల్లగాండ్లకు అక్షరాల కన్న ముందుగాల ఎద్దుల బేరం వస్తుండె. సంతల దలాలి నోటితోని ధర చెప్పడు. తువ్వాల కింద చెయ్యి పెట్టి కొనేటోని ఏళ్లు నొక్కుతడు. ఎన్ని ఏళ్లు నొక్కితే గంత. పక్కనున్నోనికి తెల్వదు, తక్కువకు అడిగినోని ఇజ్జత్ పోదు. మా నాయిన గసొంటి దలాలి. నేనేమో పుట్టు నత్తోన్ని. (ఇప్పటికీ నత్తోన్నే. రాస్తున్న కాబట్టి మీకు తెలుస్తలేదు గని, ఇదే ముచ్చట నోటితోని చెప్తే పొద్దుగూకుతది.) బడిల ఎక్కం అప్పజెప్పమంటే "రెం... రెం... రెం" అనేటాళ్లకు గంట కొడుతుండె. రైలుబండి వచ్చిందని పిల్లలంత చప్పట్లు కొడుతుండ్రి.

నాయినకు నా నత్తి మంచిగనే అనిపించింది. "సంతల నోటితోని పనేముంది? ఏళ్లుంటే సాలు. వీడు నా పనికే పుట్టిండు" అనుకుంట ఒకనాడు బడికొచ్చి, నన్ను తోలుకపోతనన్నడు. గప్పుడు అడ్డమొచ్చిండు మా లెక్కల సారు. ఎండకాలం, చలికాలం లేకుంట భుజం మీద తువ్వాల ఉంటుండె కాబట్టి తువ్వాల సారు అంటుంటిమి. (ఆయన అటు తిరిగినంకనే లెండి.) "ఏళ్లుంటే సాలంటున్నవ్ గదన్నా? అయితే గా ఏళ్లనే నేను లెక్కలడుగుత" అన్నడు సారు. "తనికీకి ఆఫీసరొస్తుండు. ఆయన ముందల వీడు జవాబు చెప్పకుంటే నువ్వే తోలుకపో." నాయిన నవ్వి, "గట్లనే సారూ, తాడు తెచ్చి పెట్టుకుంట" అన్నడు. తాడు ఎద్దుకా నాకా అని చానా దినాలు పరేషానైన.

ఆనాటి సంది సారు నా పక్కన బెంచి మీద కూసొని, మా చేతుల మీద తువ్వాల కప్పి, చెవుల చిన్నగ అడుగుతుండె. "ఏడారులెంత, దలాలీ?" నేను ముందు నాలుగు ఏళ్లు, మల్ల రెండు ఏళ్లు నొక్కుతుంటి. తప్పయితే నా చిటికెనేలు గుంజుతుండె. సరిగ్గుంటే అరచెయ్యంత గట్టిగ పిసుకుతుండె. సంతల గట్ల పిసికిండ్రంటే బేరం తెగినట్టు, ధర కుదిరినట్టు. నేను తప్పు చెప్పిన సంగతి నాకు, ఆయనకు, తువ్వాలకు దప్ప ఎవ్వరికీ తెల్వకపోతుండె. బడిల నేను నవ్వులపాలు గాని జాగ గదొక్కటే. మెల్లమెల్లగ నోరున్నోల్లు గూడ "సారూ, నాకు తువ్వాల" అని వరుస కట్టిండ్రు.

మా హెడ్మాస్టరుకు మాత్రం ఒళ్లు మండుతుండె. టక్కు చేసుకొని, మొకానికి పౌడరు కొట్టుకొని వచ్చే మనిషి. "ఇది బడా, పశుల సంతనా?" అని కస్సుమంటుండె. తనికీ నాడు ఆఫీసరు సక్కగ నన్నే లేపిండు. నోరు తెరిచిన, మాట రాలే. తువ్వాల సారు ముందుకొచ్చి సంగతి చెప్తే, ఆఫీసరు తానే తువ్వాల కింద చెయ్యి పెట్టిండు. నేను నొక్కంగనే చక్కిలిగింతలై కిసుక్కున నవ్విండు. "నాకేం తెల్వలేదయ్యా. మీరు చెప్తే నేను నమ్మ. జర బయటికి పోండి" అని సారును పంపిచ్చిండు. కిటికీల నాయిన మొకం కనబడ్డది. భుజం మీద తాడు.

గప్పుడు మా హెడ్మాస్టరు దగ్గి, అంగీ చేతులు మడిచిండు. "సార్, లెక్క వాని చెవులనే చెప్పుండ్రి, నాకు వినిపియ్యొద్దు" అని తువ్వాల కింద చెయ్యి పెట్టిండు. ఆఫీసరు నా చెవుల "పన్నెండేడ్లెంత?" అన్నడు. నేను నొక్కిన. హెడ్మాస్టరు కండ్లు మూసుకొని, ముసలి దలాలి లెక్క తలకాయ ఊపి, "ఎనభై నాలుగు సార్" అన్నడు. అంతటితోని ఆగిండా? "జర తగ్గరా అంటే తగ్గుతలేడు, మొండోడు" అని గూడ అన్నడు! క్లాసంత గొల్లుమన్నది. "నీకెట్ల వచ్చయ్యా ఇది?" అన్నడు ఆఫీసరు. హెడ్మాస్టరు మొకం పౌడరు కింద ఎర్రగైంది. "మా నాయిన గూడ దలాలే సార్" అన్నడు మెల్లగ. కిటికీల మా నాయిన తాడు చుట్టుకొని ఎల్లిపోయిండు. ఆ తాడుకు తర్వాత ఎద్దునే కట్టిండు.

మొన్న గద్వాలల తువ్వాల సారు పోయిండని ఫోనొస్తే, ఏడుపు కన్న ముందు నా ఏళ్లు కదిలినయి. (వనపర్తిల నేను గూడ ఇప్పుడు లెక్కల సారునే. నత్తి సారంటరు, నేను అటు తిరిగినంక.) పొయ్యేటాళ్లకు వాకిట్ల మా బడోల్లంత సారు ముచ్చట్లు చెప్పుకుంట ఒక కన్నుతోని ఏడుస్తుండ్రు, ఒక కన్నుతోని నవ్వుతుండ్రు. అందరు దండలేస్తుంటే నేను తీసుకపోయిన కొత్త తువ్వాల కప్పిన. కప్పి, దాని కింద చెయ్యి పెట్టి సారు ఏళ్లు పట్టుకున్న. ఎనభై నాలుగు నొక్కిన. తప్పయితే గుంజాలె, సరైతే పిసకాలె. ఇంత వయసొచ్చినా, చెయ్యి తియ్య బుద్ధి గాలే.

ఎనక నుంచి ఎవరో నా భుజం తట్టిండ్రు. చూస్తే మా హెడ్మాస్టరు. టక్కు లేదు, పౌడరు లేదు, చేతిల కట్టె, భుజం మీద తువ్వాల. నా చెవి దగ్గరికి వంగి, ఎవ్వరికీ వినరాకుంట అడిగిండు.

"ఎంతకు తెగింది, దలాలీ?"

"తె... తె... తెగలే సార్" అన్న. నత్తి పుణ్యాన ఆ మాట మూడుమాట్ల చెప్పినట్టయింది.