కొండగడ్డి అత్తయ్య

అత్తయ్యకు గడ్డి పిచ్చి. అన్ని రకాల గడ్డీ కాదు, ఒక్క కొండగడ్డే. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్ళూ అన్ని మొక్కల్నీ సమానంగా చూస్తున్నట్టు నటించింది. రిటైరయ్యాక ఆ మొహమాటం కూడా వదిలేసింది.

పెళ్ళిచూపుల నుంచి వచ్చాక పెళ్ళికూతురు ఎలా ఉందని అడిగితే, "పిల్ల బాగానే ఉంది. వాళ్ళ ప్రహరీ పక్కన గడ్డి ఇంకా బాగుంది" అనేది. ఒకసారి దొంగలు పడిన ఇంటికి పరామర్శకు వెళ్ళింది. దొంగ గోడ దూకినచోట నలిగిపోయిన గడ్డిదుబ్బును చూసి "అయ్యో!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఇంటాయన అది తన కోసమే అనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. "ఏం పర్లేదు, మళ్ళీ లేస్తుంది లెండి. వేళ్ళు గట్టివి" అని ఆయన్ని ఓదార్చి వచ్చింది.

ఆవిడ మేనల్లుడు బస్సు డ్రైవరు. ఈ కథలన్నీ డిపోలో చెప్పి అందరినీ నవ్వించేవాడు. అలాంటివాడు ఓ రోజు బస్సు మెట్టు మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది. నడవమన్నారు, కూర్చుని లేవమన్నారు. వాడు మంచం దిగితే ఒట్టు. భార్య బతిమాలింది, తర్వాత కేకలేసింది.

"ఇంక నేను బస్సెక్కితే వెనక సీట్లోకే" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక పొద్దున అత్తయ్య దిగింది. మోకాలి ఊసే ఎత్తలేదు.

"ఒరేయ్, నా చూపు మందగించింది. నాతో వచ్చి గడ్డి నాలుక చూసిపెట్టు."

"గడ్డికి నాలుకేంటత్తా?"

"ఆకు కాడను వదిలేచోట ఉంటుంది. మన కొండగడ్డికి అక్కడ సన్నని వెంట్రుకల అంచు. వంగితేగానీ కనపడదు."

"నేను వంగలేను."

"గడ్డి పైకి రాదు కదరా! నువ్వే దిగాలి."

ఊరి చివర రాళ్ళకొండ. మొదట కొండ మొదట్లోనే ఒక దుబ్బు చూపించింది. వాడు మూలుగుతూ వంగాడు. రానురాను దుబ్బులు పైపైకి పోయాయి. కింద మట్టి ఎక్కువ, ఆవిడకు నచ్చదు. కొండగడ్డికి రాళ్ళ సందులు కావాలి, నెత్తిన ఎండ కావాలి, నీళ్ళు నిలవకూడదు.

"ఇది చచ్చిపోయిందత్తా. ఆకు సూదిలా చుట్టుకుపోయింది."

"చావలేదురా. తడి పోకుండా ముడుచుకుంది. పైనంతా ఎండినా, మొదట్లో పచ్చగా ఉంటుంది. గీరి చూడు."

గీరాలంటే గొంతుక్కూర్చోవాలి. తిట్టుకుంటూ కూర్చున్నాడు. మొదట్లో నిజంగానే పచ్చగా ఉంది. అత్తయ్య ఓ గింజ తీసి, దానికున్న పొడవాటి తోకను తడిపి వాడి అరచేతిలో పెట్టింది. అది మెలిక విప్పుకుంటూ గిర్రున తిరిగింది.

"వానపడితే ఇలా తిరిగి తనే నేలలో దిగుతుంది. ఎవరూ నాటక్కర్లేదు" అంది, ఆ తోక తనే కనిపెట్టినంత గొప్పగా. వాడు ఇంకో గింజ అడిగాడు.

వానలు మొదలయ్యేసరికి వాడు కొండ నెత్తిన నిలబడి, "అత్తా, ఇక్కడ ఎంత పెద్ద దుబ్బుందో!" అని కేకేస్తున్నాడు.

ఆ వారమే ఫిజియోథెరపిస్టు దగ్గరికెళ్ళాడు. ఆవిడ మోకాలు వంచి చూసి, "మీ అత్తయ్యగారు భలే చేయించారే!" అంది.

"ఏం చేయించింది?"

"ఎప్పుడు ఎంత ఎత్తు ఎక్కించాలి, ఎంతసేపు కూర్చోబెట్టాలి అని ప్రతివారం వచ్చి అడిగేవారు కదా. దాంతోపాటు ఆ గడ్డి గురించి నాకూ పాఠం చెప్పేవారనుకోండి."

వాడు తిన్నగా అత్తయ్య ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒక్క పోటుకే ఎక్కింది.

"చూపు మందగించిందన్నావ్?"

ఆవిడ నాలుక్కరుచుకుంది. "వ్యాయామం అంటే వచ్చేవాడివా? అయినా సగమే అబద్ధంరా. గడ్డి చూడాలన్నది నిజమే."

వాడు మళ్ళీ స్టీరింగ్ పట్టిన రోజున ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. పక్కనున్నావిడ తెలిసినామె కాదు. అయినా అత్తయ్య బస్సు కదిలింది మొదలు ఆమెకు మేనల్లుడి గురించే చెబుతోంది. ఎంత నిదానంగా మలుపు తిప్పుతాడో, బ్రేకు ఎంత మెత్తగా వేస్తాడో.

కొండ వచ్చింది. వానకు వాలంతా పచ్చబడి, గాలికి ఊగుతోంది. వాడు ఉండబట్టలేక బస్సు నెమ్మది చేశాడు.

"అత్తా, మన గడ్డి! ఇటు చూడు!"

"ఉండరా, మాట్లాడుతున్నాను" అని కసిరి, ఆవిడ పక్కామె వైపు తిరిగింది. "ఇందాక ఎక్కడున్నాం? ఆఁ... మావాడి బ్రేకు దగ్గర."