అర్దియాలో నేను తీసిన నాలుగు పరుగులు

ఇప్పుడంటే బీపీ మాత్ర వేసుకుని నోరు మూసుకుంటున్నాను గానీ, కువైట్ వచ్చిన కొత్తలో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. జాబ్రియాలో ఒకరింట్లో డ్రైవరుని. వారమంతా మామా (ఇంటావిడని పనివాళ్ళందరం అలాగే పిలుస్తాం) ఒక ‘యల్లా’ (పద పద) అంటే స్కూలుకి, ఇంకో ‘యల్లా’ అంటే మార్కెట్‌కి. శుక్రవారం పొద్దున్న మాత్రం అర్దియాలో గోడౌన్ల వెనక ఖాళీ స్థలంలో మా కోనసీమ, కడప వాళ్ళ క్రికెట్ జట్టుకు నేనే కెప్టెన్ని. అక్కడ నేను చెయ్యి ఊపితే పదిమంది కదిలేవారు. వారం మొత్తానికి ఆ కాసేపే నేనూ ఒక మనిషిననిపించేది. అలాంటి చోటుకి ఓ శుక్రవారం వెళ్ళేసరికి ఫిలిప్పీన్స్ వాళ్ళు సున్నంతో గీతలు గీసుకుని, చేతికి తోలు తొడుగులు వేసుకుని దర్జాగా బేస్‌బాల్ ఆడుతున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వాళ్ళ నాయకుడు లాండ్రీలో పనిచేసేవాడు. అందరూ కుయా అనేవారు, వాళ్ళ భాషలో అన్నయ్య అని. ఒక వారం మీరు, ఒక వారం మేము ఆడుకుందామన్నాడు. పంచుకోవడానికి మనమేమన్నా అన్నదమ్ములమా అన్నాను. చివరికి పందెం కుదిరింది. గెలిచిన జట్టుదే శుక్రవారం, ఓడినవాళ్ళు మళ్ళీ అటు రాకూడదు. మరి ఏ ఆట ఆడాలి? మా వికెట్ కీపరు రాయచోటి భాయ్‌కి హవల్లీలో సెలూన్ పని. గడ్డం గీస్తూ లోకం సంగతులన్నీ చెప్పే రకం. ఈ బేస్‌బాల్ అసలు ఇంగ్లండులో పిల్లలు కర్రా బంతీ పట్టుకుని ఆడిందేననీ, వలసపోయినవాళ్ళతో అమెరికా చేరి పెద్దల ఆటయిందనీ, అక్కణ్ణించి పంతుళ్ళు జపానుకీ, సైనికులు ఫిలిప్పీన్స్‌కీ మోసుకెళ్ళారనీ చెప్పాడు. నాకందులో ఇంగ్లండు అన్న ముక్కొకటే వినబడింది. ఇంగ్లీషువాళ్ళదంటే మన దగ్గర కొట్టేసిందే అయ్యుంటుంది కదా!

“ఇది మన బిళ్ళంగోడేనండీ భాయ్. బిళ్ళ తీసేసి బంతి పెట్టారంతే. వాళ్ళాటే ఆడి వాళ్ళ పొగరు దించుదాం.”

“వద్దబ్బా, ఆ ఆట నీకు తెల్దు,” అన్నాడు భాయ్. కుయా పాపం రూల్సు చెప్పబోయాడు. అక్కర్లేదని చెయ్యి అడ్డం పెట్టాను. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడినవాడికి లాండ్రీవాడు నేర్పడమా?

కుయా వేసే బంతి నేలకి తగలదు, తిన్నగా మొహమ్మీదికొచ్చేస్తుంది. మావాళ్ళందరూ గాలిని కొట్టి తిరిగొచ్చారు. వాళ్ళవి మూడు పరుగులు, మాది సున్నా. చిట్టచివర నా వంతు. కళ్ళు మూసుకుని ఊపానో లేదో, బంతి వెళ్ళి దూరంగా నిలబెట్టిన లారీల కింద దూరింది. బ్యాటు పట్టుకునే మొదటి మూలకి పరుగెత్తి, గీత మీద బ్యాటు ఆనించి, వెనక్కి తిరిగి మొదలెట్టిన చోటికి వచ్చేశాను. రెండయ్యాయి. “ఇంకోటి, ఇంకోటి” అని మావాళ్ళ కేకలు (అందరికన్నా గట్టిగా అరిచింది భాయే). మళ్ళీ అటూ ఇటూ పరుగెత్తి నాలుగు పూర్తిచేశాను. మావాళ్ళు నన్ను భుజాలమీదికి ఎత్తేశారు. వాళ్ళాటలో నాలుగు మూలలూ వరసగా చుట్టి వస్తే ఒక్క పరుగట! కుయా తీరిగ్గా లారీల కింద నుంచి బంతి తెచ్చి, పైనున్న నా మోకాలికి ఆనించి, “అవుట్, సదీక్” అన్నాడు, అరబ్బీలో నేస్తమా అని.

“అంత పరిగెత్తినావు గదబ్బా, అదేదో చుట్టూ పరిగెత్తింటే ఒక పరుగన్నా వస్తాండె,” అన్నాడు భాయ్. వాడితో వారం రోజులు మాట్లాడలేదు.

ఆ వారం కారు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. మా జట్టు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయింది. శుక్రవారం తెల్లారేసరికి ఎక్కడికెళ్ళాలో తోచక, ఒక్కణ్ణీ మళ్ళీ అక్కడికే పోయి దెబ్బలాటకి దిగాను. ఆట మీదైతే కదా, అమెరికా వాళ్ళు పడేసింది ఏరుకున్నారు, దానికింత టెక్కా అన్నాను, వచ్చిన హిందీలో, రాని అరబ్బీలో. కుయాకి కోపం రాలేదు. నాకదింకా మంట.

“నిజమే, మాది కాదు,” అన్నాడు. “తుపాకులు పట్టుకొచ్చినవాళ్ళు నేర్పారు. మా ముత్తాత మొదటాట ఓడిపోయి నీలాగే మండిపడ్డాడంట. వాళ్ళని ఓడించాలనే నేర్చుకున్నాడు. మాకివాళ ఒక మనిషి తక్కువ. ఆడతావా?”

అతని చేతిలో తొడుగు లాక్కున్నాను. అన్నిటికంటే దూరంగా ఎండలో నిలబెట్టారు. వచ్చిన బంతి వచ్చినట్టే జారవిడుస్తూ, తెలుగులో అందర్నీ తిట్టుకుంటూ, వీళ్ళ సంగతి తేల్చేదాకా ప్రతి వారం వస్తానని ఒట్టు పెట్టుకున్నాను. కుయా ఎప్పుడో సొంతూరు వెళ్ళిపోయాడు. నేనింకా వస్తూనే ఉన్నాను. వాళ్ళ జట్టులోనే ఉంటూ ఇక వాళ్ళనెలా ఓడిస్తానో నాకూ తెలియదు. అప్పటి నాలోని ఆ కోపిష్టి కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు. ఆ పొద్దున్న వాడు బుద్ధిమంతుడై గదిలో పడుకునుంటే, కువైట్‌లో నాకు శుక్రవారమనేదే మిగిలేది కాదు.