రాకముందే చెప్పిన స్తోత్రం

మా మామ్మ దేవుణ్ణి ఏదైనా అడిగితే, అది వచ్చేదాకా ఆగి కృతజ్ఞత చెప్పే మనిషి కాదు. అడిగిన వారమే చెప్పేసేది. మా చర్చిలో అదేమీ వింత కాదు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలకు కాసేపు సమయం ఇస్తారు. నా కొడుకు జ్వరం తగ్గించినందుకు స్తోత్రం అంటుంది ఒకావిడ. కొడుకు ఇంకా మంచం మీదే మూలుగుతుంటాడు. విశ్వాసమంటే పొందామని ముందే నమ్మడమని చిన్నప్పటినుంచీ మాకు నేర్పారు. అది ఇంకా జరగలేదని చెప్పేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. అందరూ ఆమెన్ అని ఇళ్ళకు పోతారు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. మామ్మను వెక్కిరించే హక్కు నాకుంది గానీ ఇంకొకరు వెక్కిరిస్తే ఊరుకోను.

నేనప్పుడు రాజోలులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. నేను ఐదో తరగతిలో ఉండగా చెట్టు మీంచి పడి చనిపోయాడు. మరుసటి ఏడు అమ్మ నన్ను మామ్మకు అప్పగించి, ఒకరింట్లో పనికి కువైట్ వెళ్ళింది. ఆరేళ్ళలో రెండుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా కొత్తమనిషిలా ఉండేది. ఇల్లు అలవాటయ్యేసరికి వెళ్ళిపోయే రోజు వచ్చేసేది.

ఆ ఏడాది ఒక ట్రస్టువాళ్ళు ఇంటర్ పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. గెలిస్తే డిగ్రీ మూడేళ్ళూ చదువుకయ్యే ఖర్చంతా వాళ్ళే భరిస్తారు. జిల్లాకు ఒక్కరికే. అమలాపురంలో ఒక కాలేజీ హాల్లో కూర్చోబెట్టి, మమ్మల్ని నిలబెట్టిన మనిషి గురించి రాయమన్నారు. నేను అమ్మ గురించి రాశాను. అక్కడ వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తూ, ఫోను గోడకు ఆనించి, నా చేత పాఠం పైకి చదివించుకునేది. అమ్మ చదివింది మూడో తరగతి. నేను చదివే ఫిజిక్సు ఆమెకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఎక్కడైనా తడబడితే "మళ్ళీ చదువు" అనేది. అదంతా రాశాను. రాసి బయటికి వచ్చాక, ఇది నాది కాకపోతే ఇంకెవరిది అనుకున్నాను. పదిహేడేళ్ళ పొగరు.

ఇందులో నా చదువు ఒక్కటే లేదు. ఆ వేసవికి అమ్మ ఆకామా అయిపోతోంది. ఆ కాగితం లేనిదే అక్కడ ఉండనివ్వరు. "నీ డిగ్రీకి దారి దొరికితే నేనింక వచ్చేస్తానమ్మా. లేపోతే ఇంకో రెండేళ్ళు రాయించుకుంటాను" అంది. అంటే, నా పేరు గెలిచినవాళ్ళ జాబితాలో ఉంటే అమ్మ ఇంటికొస్తుంది. లేకపోతే రాదు.

నెలాఖరుకు ఫలితాలన్నారు. నెలాఖరు దాటింది. పరీక్షలు కూడా అయిపోయాయి. వాళ్ళ వెబ్‌సైటులో "త్వరలో" అన్న మాట అలాగే ఉంది. మా ఇంట్లో సిగ్నల్ అందదు. రోజుకు పదిసార్లు కాలవగట్టుకు వెళ్ళి ఫోను ఎత్తి పట్టుకునేదాన్ని. ఆఫీసుకు ఫోన్ చేస్తే "పరిశీలనలో ఉందండీ" అనేవాళ్ళు, ఎంతో మర్యాదగా. ఎదురుచూపు ఓర్పు నేర్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నన్నది రాక్షసిని చేసింది. మామ్మ అరుగు మీద కొబ్బరాకుల ఈనెలు తీస్తూ సన్నగా పాట పాడుకుంటే, ఆపమని అరిచేదాన్ని. పాపం ఆపేసేది.

అలాంటి ఒక ఆదివారం మామ్మ సాక్ష్యానికి లేచింది. మైకు రెండు చేతులతో పట్టుకుంది. "నా మనవరాలికి స్కాలర్‌షిప్పు ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం. నా కోడల్ని ఇంటికి తెచ్చినందుకు స్తోత్రం" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నేను తల దించుకున్నాను.

దారిలో దులిపేశాను. "ఇంకా రాలేదు గదా మామ్మా, ఎందుకలా చెప్తావు?"

"వచ్చేక చెప్తే అది నమ్మకమెలా అవుద్దే?" అంది మామ్మ.

మా పక్కింటివాళ్ళు చర్చికి రారు. వాళ్ళ దేవుళ్ళు వాళ్ళకున్నారు. కానీ మా చర్చి మైకు ఊరందరికీ వినిపిస్తుంది. ఆ ఇంటావిడ వాకిట్లో గిన్నెలు తోముకుంటూ మామ్మ మాట విని నిజంగా సంతోషించింది. వాళ్ళమ్మాయి కూడా కువైట్‌లోనే ఉంటుంది, వాళ్ళమ్మ చెప్పిన మాట మా అమ్మకు ఫోనులో చేరవేసింది. మామ్మ సాక్ష్యంలో చెప్పిందని ఎవరైనా అని ఉంటే అమ్మకు వెంటనే అర్థమయ్యేది. అమ్మ పుట్టి పెరిగింది అలాంటి సాక్ష్యాల మధ్యే. ఆ ఒక్క ముక్క దారిలో ఎక్కడో రాలిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం అమ్మ వీడియో కాల్ చేసింది. మామ్మ చీపుళ్ళు అమ్మడానికి వెళ్ళింది. కాలవగట్టు మీద నేనొక్కదాన్నే ఉన్నాను.

"నీకు వచ్చిందంటగా బంగారం!"

అమ్మ నవ్వుతోంది. ఆరేళ్ళలో అలా పళ్ళన్నీ కనపడేలా నవ్వడం నేను చూడలేదు. కళ్ళలో నీళ్ళు. "నిజమేనామ్మా? నువ్వు చెప్పు, నీ నోటితో వినాలి" అంది.

ఇంకా రాలేదమ్మా, మామ్మ సాక్ష్యం చెప్పిందంతే. ఇంతే చెప్పాలి. నేను అవునన్నట్టు "ఆయ్" అన్నాను.

ఎందుకన్నానో చాలా ఏళ్ళు నాకు నేనే సంజాయిషీలు చెప్పుకున్నాను. అమ్మ నవ్వు పాడుచేయడం ఇష్టంలేక అని. నిజమే, కానీ అది సగమే. గెలిచినదానిలా ఒక్క పూట ఉండాలనిపించింది. ఎలాగూ వస్తుంది, నాలుగు రోజులు ముందు చెప్పానంతే అనుకున్నాను. ఆ క్షణంలో అది నాకు అబద్ధంలా అనిపించనే లేదు.

"అయితే మేడమ్‌కి ఇవాళే చెప్పేస్తాను, ఇంక వెళ్ళిపోతానని" అంది అమ్మ. అప్పుడైనా ఆపొచ్చు. ఆపలేదు.

ఆ తర్వాత పదకొండు రోజులు నాకు అన్నం సయించలేదు. అమ్మ సర్దుకుంటున్న పెట్టె ఫొటోలు పంపేది. నాకు దుప్పటి, మామ్మకు శాలువా, ఇంకా ఏవేవో. మేడమ్ అప్పుడే ఇంకో అమ్మాయిని మాట్లాడేసిందనీ, ఆ అమ్మాయి వచ్చేలోపు వంటిల్లు అద్దంలా చేసి అప్పగిస్తాననీ చెప్పేది. తను వస్తున్నట్టు మామ్మకూ చెప్పింది. మామ్మ ఇంకేమీ అడగలేదు. "చూసేవా, సగం ఇచ్చేసేడు" అంది నాతో. రెండో సగం దారిలో ఉందనుకుంది. నేను రోజూ గట్టు మీదికి వెళ్తూనే ఉన్నాను. ఇప్పుడు నేను అడుగుతున్నది బహుమతి కాదు, నా అబద్ధాన్ని నిజం చెయ్యమని.

పన్నెండో రోజు జాబితా పెట్టారు. మా జిల్లా పక్కన ఒక పేరు ఉంది. నాది కాదు. కింద ప్రోత్సాహక బహుమతులని ఇంకో పట్టిక ఉంటే అదీ చూశాను. చివరి పేజీ దాకా వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి చూశాను. ఎక్కడా లేదు.

అమ్మకు చెప్పడానికి సాయంత్రం అయింది.

"అదేంటమ్మా, వచ్చిందన్నావు గదా?"

ఆమెకు నిజం చెప్పడానికి దేవుడు నాకిచ్చిన రెండో అవకాశం అది. "ముందు నాకే అన్నేరమ్మా. తర్వాత మారిపోయింది" అన్నాను.

"మార్చేసేరా? ఎవరు మార్చేసేరు?"

"తెలీదమ్మా."

"ఏడవకు. నేను మేడమ్‌ని అడుగుతాలే" అంది.

మేడమ్ ఒప్పుకోలేదు. కొత్తమ్మాయి అప్పటికే వచ్చేసింది. ఏజెంటు అమ్మను వేరే ఇంటికి మార్చాడు. అది పెద్ద ఇల్లు, నిండా జనం. ఫోను శుక్రవారం మాత్రమే ఇచ్చేవాళ్ళు, అదీ పక్కన మనిషి నిలబడి ఉండగా. పాఠం చదివించుకోవడం ఆగిపోయింది. నేను డిగ్రీలో చేరాను. ఆ ఇంటి చాకిరీ మీదే చదివాను.

మైకులో విన్న మాటే కువైట్ చేరిందని మామ్మకు పక్కింటావిడ ద్వారా తెలిసింది. "నా నోరే కొంప ముంచిందే" అంది. కాదు మామ్మా, అమ్మ నన్ను అడిగింది, నేను అవునన్నాను అని చెప్పాలి. చెప్పలేదు. ఆ పాపం ఆమె నెత్తిన పడుతుంటే నేను పక్కకు తప్పుకున్నాను. మామ్మ మళ్ళీ ఎప్పుడూ సాక్ష్యానికి లేవలేదు. నా డిగ్రీ రెండో ఏట చనిపోయింది. పోయే ముందు వారం, "నా నమ్మకం చాల్లేదేమోనే" అంది నాతో. అమ్మను పంపలేదు ఆ ఇంటివాళ్ళు. అత్తాకోడళ్ళు ఆ సంగతి ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలే రాలేదు.

అమ్మ తిరిగొచ్చేసరికి కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. డాక్టర్లు ఏవేవో పేర్లు చెప్పారు, మందులిచ్చారు, తగ్గలేదు. ఇప్పుడు నేను రామచంద్రపురంలో ఒక స్కూల్లో తెలుగు చెబుతున్నాను. అమ్మ నాతోనే ఉంటుంది. చెంచాతో తినడం ఆమెకు నచ్చదు, అందుకని అన్నం నేనే కలిపి పెడతాను.

మొన్న మా స్కూలు పిల్లలు ఏదో వ్యాసరచన పోటీకి వెళ్ళారని మాటల్లో చెప్పాను. అమ్మ నమలడం ఆపింది.

"అప్పుడు నీకే వచ్చిందని ముందు చెప్పిన మనిషెవరో నీకు గుర్తుందామ్మా?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"మార్చేసినోళ్ళ మీద నాకంత కోపం లేదు. వాళ్ళ పిల్లల కోసం వాళ్ళు మార్చుకునుంటారు. ఖాయం కాకుండానే వచ్చిందని చెప్పిన మనిషిని మాత్రం ఒక్కసారి అడగాలనుంటాది. ఆ మనిషికి తల్లి లేదా అని."

నేను ఇంకో ముద్ద కలిపి ఆమె నోటికి అందించాను.