కొస దాకా వెళ్లిన జెండా

మీ ఊరి పంచాయతీ ఆఫీసు ముందు జెండా తాడు ఎవరి చేతికిస్తారో, ఎవరి చేతికివ్వరో మీరెప్పుడైనా గమనించారా?

నేను గమనించాను. పాడేరు నుంచి జీపులో వెళ్లే ఒక కొండ ఊళ్లో నేను బడి మాస్టారిని. మా సర్పంచ్ ఎన్నికల్లో గెలిచి వచ్చిన గిరిజన మహిళ. భర్త జ్వరంతో పోయాడు. అంతే, ఆ ఏడు ఆగస్టు పదిహేనున తాడు ఆమెకు అందలేదు. ఉప సర్పంచ్ జెండా ఎగరేశాడు. ఆమె పక్కన నిలబడి చాక్లెట్లు పంచింది.

భర్త పోయినామె శుభకార్యంలో చెయ్యి పెట్టకూడదన్న ఈ పట్టింపు కొండది కాదు. ఇక్కడ భర్త పోయిన మనిషి విత్తనం చల్లుతుంది, ఇష్టమైతే మళ్లీ మనువాడుతుంది. మైదానం నుంచి వచ్చి కొట్టు పెట్టిన షావుకారు ఉప్పూ పప్పుతో పాటు దీన్నీ ఘాట్ రోడ్డు ఎక్కించాడు.

ఈ ఏడు దేశంలో ఒకచోట ఒక్కరోజే ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఆఫీసులన్నిటి దగ్గరా జెండా సగం ఎత్తులో ఎగరాలని కబురొచ్చింది. పొద్దున్నే అందరం చేరాం.

"ఈయాల మీరే కట్టండమ్మా," అన్నాడు షావుకారు సర్పంచ్‌తో, ఎంతో ఉదారంగా. "సావు జెండా కదా, దోసం లేదు."

ఆమె తాడు ముట్టుకోలేదు. "అంటే నా సెయ్యి సావుకే పనికొత్తాదేటి, సావుకారూ?"

"అలాగని కాదమ్మా..."

"మరెలాగ?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ముందుకెళ్లి చెప్పాను: సంతాప దినాన జెండాను నేరుగా సగానికి కట్టరు. ముందు కొస దాకా ఎత్తి, ఒక్క క్షణం నిలిపి, అప్పుడు సగానికి దించాలి. సాయంత్రం విప్పేముందు కూడా కొసకు ఎత్తాల్సిందే. పంచాయతీ కార్యదర్శి అవునని తలూపాడు.

షావుకారు ఉప సర్పంచ్ వైపు చెయ్యి చూపించాడు. "అయితే ఉప సర్పంచి కొస దాకా ఎత్తుతాడు. అక్కడి నుంచి అమ్మ దించుతాది."

ఉప సర్పంచ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఒక్క తాడుకి ఇద్దరమేటి బావూ? నాకు సిగ్గుగుంది. బేగి కానీమ్మా, ఎండెక్కుతోంది."

ఆమె తాడు లాగింది. జెండా కొసకు చేరింది. ఆకాశం విరిగి పడలేదు. కోళ్లు గింజలు ఏరుకుంటూనే ఉన్నాయి. తర్వాత జెండా సగానికి దిగింది. మేమంతా తలలు వంచాం. తల వంచే ఉన్నా లోపల నాకు సంతోషంగా ఉంది. సంతాప దినాన సంతోషమేమిటని మీరడగొచ్చు. ఆ పోయినవాళ్ల భార్యలు ఆ రోజు ఎక్కడో కూర్చుని ఏడుస్తున్నారు. వాళ్ల దుఃఖానికి జెండా దించి, వాళ్లలాంటి మనిషినే తాడుకు దూరంగా నిలబెడితే అది సంతాపమా, వేళాకోళమా?

సాయంత్రం ఆమే వచ్చి జెండా మళ్లీ కొసకు ఎత్తి, దించి, మడత పెట్టింది. "ఈపాలి ఆగస్టు పదిహేనుకీ నానే కడతాను, మాస్టారూ. సగానికి కాదు."

ఎదురుగా కొట్లోంచి షావుకారు కేకేశాడు. "సాక్లెట్లు మాత్రం నాకాడే కొనండమ్మా."

వచ్చే జెండా పండుగకు మీ పంచాయతీ ఆఫీసుకు వెళ్లండి. తాడు పట్టుకోవలసిన మనిషి పక్కన నిలబడి ఉంటే ఎందుకని అందరి ముందూ గట్టిగా అడగండి. తాడు ఆమె చేతికి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి.