రోజా ఉన్నానన్న హుస్సేన్ బీ

1943. యుద్ధం రోజులు. అప్పట్లో నేను గద్వాల దవాఖానలో నర్సును. వానలు మొహం చాటేసిన ఆ ఏడు మా ఆడవార్డులో జ్వరాల కంటే కాళ్లవాపులే ఎక్కువగా చూశాను.

రంజాన్ మొదలైన వారానికి గట్టు అనే ఊరి నుంచి హుస్సేన్ బీని ఎద్దుబండిలో తీసుకొచ్చింది పక్కింటి ఎల్లమ్మ. హుస్సేన్ బీ బట్టలు కుట్టుకుని బతికే వితంతువు. ముఖంలో ఎముకలు తేలాయి, కాళ్లు మాత్రం ఉబ్బిపోయాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఇలా ఒంట్లో నీరు చేరడాన్ని మేం ఎడీమా అంటాం. డాక్టరు సాబు గుండె పరీక్షించి, "ఇది తిండి లేక వచ్చిన వాపు. పలచటి జావ కొంచెం కొంచెంగా రోజంతా పట్టించు. ఒక్కసారే కడుపునిండా పెడితే ప్రాణం మీదికొస్తుంది" అన్నారు.

జావ గిన్నెతో వెళ్తే ఆమె మొహం తిప్పుకుంది.

"రోజా ఉన్న నర్సమ్మా. పొద్దుమునిగినంక తాగుత."

"జబ్బుపడ్డోళ్లు రోజా ఉండనక్కర లేదు గద బీబీ! మీ పెద్దలే చెప్తరు."

"గదంత నాకు తెల్వదు. నేనైతే ఇడువ."

సాయంత్రం రెండు చెంచాలు తాగి చాలంది. మర్నాడు మళ్లీ అదే పాట. నాడి సన్నబడుతోంది. నాకు కాలు నిలవడం లేదు. మిగతావాళ్లకు మందులిస్తూనే పదేపదే ఆ మంచం దగ్గరికి పోవడం, తిట్టడం, బతిమాలడం. నా చేతిలో గిన్నె ఉండగానే ఈమె పోతుందేమోనని భయం, దాని మీద ఒళ్లు మండే కోపం.

వరండాలో ఎల్లమ్మను పట్టుకున్నాను. "రంజాన్ వచ్చి వారమే అయింది. ఈ వాపు వారంది కాదు. ఏంది సంగతి?"

"రంజాన్ ఏడిది నర్సమ్మా! ఎండకాలం సంది గిదే మాట. సంకటి తీస్కపోతే రోజా అంటది. కుట్టనీకి బట్ట దొరుకుతలేదు. ఊకె తినాల్నంటే శరమైతది దానికి."

అయ్యో, పిచ్చిదానా! పస్తులకు ఎంత మర్యాదైన పేరు పెట్టుకుంది! ఆ మాట ఆమె ముందు అనలేదు. పాత దుప్పట్లు చింపి ఉతికిన పట్టీల గంప తెచ్చి మంచం మీద పెట్టాను. వాటిని బ్యాండేజీలుగా చుట్టడం మా వార్డులో రోజూ ఉండే చాకిరీ.

"జర ఇవి చుట్టిపెట్టు. పనిచేసినోళ్లకు జావ పోసుడు మా దవాఖాన రివాజు" అని పచ్చి అబద్ధమాడాను.

నా మొహంలోకి చూసింది. ఎల్లమ్మ చెప్పేసిందని అర్థమైనట్టుంది. "మరి రోజా..." అని నసిగింది.

"పానం బాగైనంక ఉందువులే."

ఒక పట్టీ చుట్టి గిన్నె అందుకుంది. తాగుతూ ఏడ్చింది. దాచడమెందుకు, నేనూ ఏడ్చాను.

నెమ్మదిగా వాపు తీసింది. ఇంటికి పోయే రోజు ఎల్లమ్మ బండి కట్టించుకుని సంకటి మూటతో వచ్చింది. ఆమె బండి దిగకముందే హుస్సేన్ బీ చెయ్యి చాపింది.

"ఆకలైతుంది ఎల్లమ్మా. ఏం తెచ్చినవ్?"

ఎల్లమ్మ మూట విప్పలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత నేనెవరినీ తిన్నావా అని అడగలేదు. తిననివాళ్లు కూడా తిన్నామనే అంటారు. "మీ ఇంట్ల పొయ్యి ఎన్నడు ముట్టిచ్చిన్రు?" అని అడిగేదాన్ని. తల దించుకున్నవాళ్ల చేతిలో ముందు ఒక పట్టీ పెట్టి, తర్వాత జావ పోసేదాన్ని.