మా టీచరుగారి కంటి కణాలు

మా టీచరుగారు పోయారని, నేను అక్కా అని పిలిచే వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదులో మా ల్యాబులో, చేతులకి గ్లౌజులు వేసుకుని కూర్చుని ఉన్నాను. ఫోన్ బయట బల్ల మీద ఉండిపోయింది. మూడోసారి మోగాక లేచి వెళ్ళి ఎత్తాను. "అమ్మ ప్రభువులో నిద్రించింది. పొద్దున్న కాఫీ తాగి కాసేపు పడుకుంటానంది, మళ్ళీ లేవలేదు" అంది అక్క. ఏడవడం లేదు. "రేపు పదింటికి తీసుకెళ్తాం. వస్తావా?" అని అడిగింది. వస్తానన్నాను. మళ్ళీ లోపలికెళ్ళి, కణాలకి ఆ రోజు మార్చాల్సిన పోషక ద్రవం మార్చి, అప్పుడు రైలుకి బయల్దేరాను. ఆ కణాలు ఆవిడవే. ఒక్కరోజు ఆగితే చచ్చిపోతాయని కాదు. పని మధ్యలో వదిలేసి వచ్చానంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదు, అంతే.

నరసాపురంలో ఆవిడ దగ్గర చదివినవాళ్ళెవరైనా ఇది చదివితే పేరు రాయకపోయినా గుర్తుపడతారు. ఎనిమిది నుంచి పది దాకా జీవశాస్త్రం చెప్పేవారు. కొత్త సుద్దముక్కని రెండుగా విరిచి సగం బల్ల మీద పెట్టి, సగంతోనే రాసేవారు. కన్ను బొమ్మ చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతలో గీసేవారు. నేత్రపటలం, అంటే రెటీనా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగి, దాన్ని రెండుసార్లు దిద్దేవారు.

మేం ఆవిడకి పొగరనుకునేవాళ్ళం. పక్కనుంచి నమస్కారం పెడితే పలికేవారు కాదు. ఎదురుగా వెళ్ళి పెడితే నవ్వి, పేరు పెట్టి పిలిచేవారు. బెంచీల మూలలు ఆవిడ మోకాళ్ళకి తగులుతుండేవి. సాయంత్రం స్టాఫ్ మీటింగు ఉంటే ఇంకా వెలుతురుండగానే లేచి వెళ్ళిపోతారని మిగతా టీచర్లు గొణుక్కునేవాళ్ళు. పక్క చూపు అప్పటికే పోయిందనీ, చీకటి పడితే ఏమీ కనబడదనీ ఎవరికీ తెలియదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఉంటుందో ఉండదో అన్న భయమని చాలా ఏళ్ళ తర్వాత నాతో అన్నారు.

మా అమ్మ ఇంట్లో లేసు అల్లేది. పదో తరగతి అయ్యాక నన్నూ ఆ పనిలో కూర్చోబెడదామనుకుంది. ఒకరోజు టీచరుగారు మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నారు. "దీని చెయ్యి వణకదండి. కప్పని కోయించినప్పుడు చూశాను. ఇంటర్లో సైన్సు చదవనివ్వండి. రాకపోతే అప్పుడు మీ పక్కన కూర్చోబెట్టుకోండి" అన్నారు. అమ్మ దారం వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. చివరికి "మీరు చెప్పాక ఇంకేముందండి" అంది.

ఆ తర్వాత పదిహేనేళ్ళకి ఆవిడ నాకు మళ్ళీ కనబడ్డారు, మా కంటి ఆసుపత్రి వరండాలో. రిటైరైపోయారు. కూతురి చెయ్యి పట్టుకుని గోడ పక్కనే నడుస్తున్నారు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "ఎవరమ్మా?" అన్నారు. అంత దగ్గర నుంచి కూడా నా మొహం కనబడలేదు. రెటీనాలో వెలుతుర్ని పట్టుకునే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయనీ, అది వంశంలో వచ్చే జబ్బనీ, ఆవిడకున్న రకానికి మందు లేదనీ డాక్టరు అప్పుడే చెప్పి పంపారట.

నేను పైఅంతస్తు ల్యాబులో పనిచేస్తున్నానని చెప్పాను. ఏం చేస్తావని అడిగారు. చెప్పాను. బతికున్న మనిషి కంట్లోంచి రెటీనా ముక్క కోసి చూడలేం కాబట్టి, రోగి రక్తం కొంచెం తీసుకుంటాం. అందులోని కణాల్ని పిండంలో ఉండే తొలి స్థితికి వెనక్కి తీసుకెళ్తాం. వాటిని నెలల తరబడి పెంచి రెటీనా కణాలుగా మారుస్తాం. అలా మారిన కణాల్లోనూ రోగి జబ్బు ఉంటుంది. అది ఎక్కడ మొదలవుతుందో గాజుపళ్ళెంలో చూడొచ్చు. క్లాసులో మేం జవాబు చెప్పేటప్పుడు వినేవారే, అలా తల కొంచెం వంచి విన్నారు.

"నాది తీసుకో" అన్నారు.

"దానివల్ల మీకు చూపు రాదండి, టీచర్."

"నేనడగలేదుగా."

కూతుర్ని టీ తెమ్మని పంపి, అక్క వెళ్ళిందని నిర్ధారించుకున్నాక అసలు సంగతి చెప్పారు. ఆవిడ తమ్ముడికీ ఇదే జబ్బు. ఆ తమ్ముడి కొడుక్కే తన కూతుర్నిచ్చి చేశారు. వాళ్ళకొక పాప. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ ఈ జబ్బు పాపకి రావచ్చు.

"పెళ్ళినాటికి మీకు తెలియదు కదండీ" అన్నాను.

"తెలియదనకు. మేనరికాల గురించి ఏటా పాఠం చెప్పినదాన్ని. నా కళ్ళూ తమ్ముడి కళ్ళూ ఒకేలా పాడవుతున్నాయని చూస్తూనే ఉన్నాను. అనుమానం ఉంది. డాక్టర్ని అడగలేదు. అడిగితే ఆ పెళ్ళి ఆగిపోతుందని." కూతురు వెళ్ళిన వైపు తల తిప్పి, "పిల్ల మన కళ్ళ ముందే ఉంటుందని ఆశపడ్డానమ్మా" అన్నారు. ఈలోగా అక్క టీ తెచ్చింది.

రక్తం ఇచ్చారు. మూడు నెలలకి ఆ కణాలన్నీ పోయాయి. కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు అడుగున తేమ కోసం నీళ్ళ పళ్ళెం ఉంటుంది. దాన్ని మార్చాల్సిన వారం నేను మార్చలేదు. బూజు పట్టింది. గడ్డకట్టించి దాచుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. మళ్ళీ రక్తం కావాల్సి వచ్చి నేనే నరసాపురం వెళ్ళాను. ఇంకో పరీక్ష ఉందండీ అని అబద్ధం చెప్పాను.

ఆవిడ చెయ్యి చాచారు. సూది దిగాక, "పోయాయా?" అన్నారు.

పోయాయన్నాను. ఎలా పోయాయో కూడా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. "కప్పని కోసేటప్పుడు రక్తనాళం తెగితే ఏం చెయ్యమన్నాను?" అని అడిగారు.

"దాచొద్దు, చూపించమన్నారు."

"మరి?" అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు. తిరుగు ప్రయాణంలో రైల్లో తణుకు దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

రెండోసారి కణాలు నిలబడ్డాయి. ప్రతి శనివారం ఫోన్ చేసి "మా వాళ్ళు ఎలా ఉన్నారు?" అని అడిగేవారు. ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి అనుమతి తీసుకుని ల్యాబు బయటి గదిలో కూర్చోబెట్టాను. మైక్రోస్కోపు ఆవిడకి ఎందుకూ పనికిరాదు. నేను చూస్తూ చెబుతుంటే విన్నారు. ఆ కణాలు గుంపుగా చేరి చిన్న ఉండలవుతాయి. ఆ ఉండలు ఎంత ఉంటాయని అడిగితే, నానబెట్టిన సగ్గుబియ్యం గింజంత అన్నాను. అంచు మాత్రం కాస్త పారదర్శకంగా ఉంటుందని, అందులోనే వెలుతుర్ని పట్టే కణాలు వరుసలో నిలబడి ఉంటాయని చెప్పాను.

"పాయసం కాచుకోవచ్చన్నమాట" అని నవ్వారు. ఆవిడ నవ్వగా చూడటం నాకదే ఆఖరు.

తర్వాత ఏడాదికి ఆ వరుసలు పల్చబడటం మొదలైంది. జబ్బు లేనివాళ్ళ కణాలు పక్క పళ్ళెంలో బాగానే ఉన్నాయి. ఆవిడవి మాత్రం, కంట్లో పోయినట్టే, పళ్ళెంలోనూ పోతున్నాయి. మా పని దృష్ట్యా అది మంచి ఫలితం. జబ్బు ఎక్కడ మొదలవుతుందో కనబడింది. ల్యాబులో అందరూ సంతోషించారు. శనివారం ఫోన్ మోగింది. ఈసారి దాచలేదు.

"అక్కడా చచ్చిపోతున్నాయా?" అన్నారు.

"అవునండి."

ఫోన్లో వాళ్ళింటి వెనక ఎవరో బిందె తోముతున్న శబ్దం వినబడుతోంది. "ఎలా చస్తున్నాయో సరిగ్గా రాసుకో. తొందరపడకు" అని పెట్టేశారు.

మందు దొరికిందని ఇక్కడ రాయాలని ఉంది. దొరకలేదు. రెండు మూడు రసాయనాలు ఆ కణాల మీద పెట్టి చూశాం. ఒకదానితో కొన్ని వారాలు ఎక్కువ నిలిచాయి. ఆ మాట చెప్పేలోపే ఆవిడ వెళ్ళిపోయారు. ఇంకా ఖాయం చేసుకున్నాక చెబుదామని ఆగాను. అది నా తప్పో, జాగ్రత్తో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సమాధుల తోటకి చాలామంది వచ్చారు. ఆవిడ పాఠం చెప్పిన నెరిసిన తలలవాళ్ళు కూడా ఉన్నారు. పాస్టరుగారు వాక్యం చదివాక ఒక్కొక్కరం మట్టి వేశాం. ఆవిడ తమ్ముణ్ణి కొడుకు పట్టుకుని గుంట దాకా నడిపించి, గుప్పిట్లో మట్టి పెట్టాడు. ఆయన ఎటు వెయ్యాలని అడిగారు. కొడుకు ఆయన చెయ్యి పట్టుకుని చూపించాడు.

సాయంత్రం నా రైలుకి ఇంకా టైముంది. ఇంటి వరండాలో అక్కా నేనూ కూర్చున్నాం. చుట్టాలు ఒక్కొక్కరే సెలవు తీసుకుంటున్నారు. ఇన్నేళ్ళలో పాపకి పరీక్ష చేయించమని టీచరుగారు కూతుర్ని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మాట అనే హక్కు తనకి లేదనుకున్నారు. అక్కా తనంతట తాను ఎత్తలేదు. ఇప్పుడు వీధి వైపు చూస్తూ, "పెళ్ళి సంగతి అమ్మ నీకు చెప్పిందా?" అంది.

చెప్పారన్నాను.

"నాకూ తెలుసు. నేనూ అడగలేదు" అంది. నా వైపు తిరిగి, "పాపని తీసుకొస్తే పరీక్ష నువ్వు దగ్గరుండి చేయిస్తావా?" అంది.

చేయిస్తానన్నాను. ఇంకేమైనా ధైర్యం చెప్పాలని చూశాను గానీ, అబద్ధం కానిది ఒక్కటీ దొరకలేదు.

నన్ను వీధి చివరిదాకా దిగబెట్టి వస్తానని పాప లేచింది. తొమ్మిదేళ్ళుంటాయి. అప్పుడే మసక పడుతోంది. నాకు మెట్ల కింద చెప్పులన్నీ స్పష్టంగానే కనబడుతున్నాయి. పాప ఆఖరి మెట్టు మీద నిలబడి, పక్క గోడ పట్టుకుని, కుడికాలు కిందికి చాచి తన చెప్పుల కోసం నేల మీద మెల్లగా తడుముతోంది. అక్క చూసింది. నేనూ చూశాను. పాప కాలు ఒక చెప్పుని తాకి, అది తనది కాదని వదిలేసి, పక్కకి జరిగింది.