అప్పనపల్లిలో విప్పిన జడ

అప్పనపల్లి బాలబాలాజీ సన్నిధిలో జడకోలాటం ఆడాలని మా మాణిక్యాంబ పిన్నిగారు ఏడాదిగా అంటున్నారు. ఆవిడ తాళం వేస్తూ పాడతారు, మేం ఎనిమిదిమందిమి ఆడతాం. పైన కొక్కేనికి కట్టిన రంగు తాళ్లు తలా ఒకటి పట్టుకుని, ఎదురొచ్చిన ఒకరిని లోపలినుంచి, తరవాతివారిని బయటినుంచి దాటుకుంటూ తిరిగితే తాళ్లు జడలా అల్లుకుంటాయి. చివర్లో అంతా వెనక్కి తిరిగి ఆ జడ విప్పాలి. ఎవరు దారి తప్పినా ముడి పడుతుంది.

రాజమహేంద్రవరంలో ఉదయం ఆరున్నరకి అమలాపురం బస్సెక్కాం. ఆడవాళ్లం కాబట్టి టిక్కెట్టు సున్నా. ఆ సున్నా టిక్కెట్టునీ భద్రంగా దాచుకున్నాం. మా చేతుల్లో కోలలు చూసి కండక్టరు, "ఎవరిమీదకండీ ఈ కర్రలు?" అన్నాడు.

"ఆయ్, దేవుడి దగ్గరికేనండీ" అన్నారు పిన్నిగారు. బస్సంతా నవ్వింది.

పద్మ ఒక్కతే నవ్వలేదు. బట్టలు కుడుతుంది, మా జట్టులో అందరికంటే కొత్త. కిందటి నెల ధవళేశ్వరంలో ఒక పెళ్లిలో జడ ముడిపడి, కుర్చీ ఎక్కి తాళ్లు కత్తిరించాల్సి వచ్చింది. అది తనవల్లేనని మనసులో పెట్టేసుకుంది. రావులపాలెంలో అరటిపళ్లు కొనిస్తే ఒలవకుండా చేతిలోనే పట్టుకుని, "ఇవాళ కూడా ముడి పడిందంటే ఈ కోలలు స్వామి దగ్గరే వదిలేసి వచ్చేస్తానండీ అక్కగారూ. ఇంక ఆడనండీ" అంది.

ఓదార్చడం నాకు చేతకాదు. పప్పులో ఉప్పెక్కువైనా ఎవరు వేశారో తేలేదాకా ఊరుకోని మనిషిని. "జాగ్రత్తగా ఆడితే పడదు" అన్నాను. ఆ మాటతో అది ఇంకా బెదిరిపోయింది. వెనక సీట్లోంచి పిన్నిగారు, "పడితే పడింది. ఎవరూ ఆగకండమ్మా, అంతే" అన్నారు.

కొత్తపేట దాటి అమలాపురంలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు కొబ్బరి పచ్చడితో తిన్నాం. వెళ్లేవాళ్లు ఇక్కడ తినకుండా కదలొద్దు. ఆ తరవాత రెండు ఆటోలు మాట్లాడుకుని పాశర్లపూడి వంతెన మీదుగా అప్పనపల్లి చేరాం. దర్శనం తేలిగ్గానే అయింది.

పదకొండింటికి ఆట మొదలైంది. జడ సగం పైగా అల్లుకున్నాక జనంలోంచి ఒక పెద్దాయన "భలే!" అని కేకేశారు. పద్మ అటు చూసింది. నన్ను లోపలినుంచి దాటాల్సింది బయటినుంచి వచ్చింది. గుద్దుకోకుండా నేను లోపలికి తప్పుకున్నాను. పైన తాళ్లు బిగుసుకున్నాయి. పద్మ మొహం పాలిపోయింది, తాడు వదిలేస్తుందేమోనని నాకు భయం వేసింది.

పిన్నిగారు పాట ఆపలేదు. తాళాలు తలపైకెత్తారు. వెనక్కి తిరగమని మాకు అది గుర్తు. ఎనిమిదిమందిమీ తిరిగాం. ఇందులో ఒక చిక్కుంది. తప్పు దాటిన చోట మళ్లీ ఆ తప్పు దారినే రావాలి. అక్కడ సరైన వైపు నుంచి వచ్చారో, ముడి ఇంకా బిగుస్తుంది. అది చూసింది నేనొక్కదాన్నే. తప్పులు పట్టే నా కన్ను మొదటిసారి ఒకరికి పనికొచ్చింది. పద్మ ఎదురు రాగానే, "నువ్వు బయటినుంచే రా, నేను లోపల" అన్నాను. వచ్చింది. తాళ్లు వదులయ్యాయి. మళ్లీ ముందుకి తిరిగి జడంతా అల్లి, అంతా విప్పాం.

"మధ్యలో వెనక్కి ఆడి మళ్లీ ముందుకి ఆడేరు చూడండీ, అది మా ఊళ్లో ఎవరికీ రాదండీ" అన్నారు ఆ పెద్దాయన. ఒప్పేసుకున్నాం.

గుళ్లో భోజనం చేసి, మూడింటికి అమలాపురంలో తిరుగు బస్సెక్కాం. పద్మ నా పక్కన కూర్చుంది. "నిజం చెప్పండి అక్కగారూ, తప్పు నాదే కదండీ?"

అవునని నోటిదాకా వచ్చింది. పైగా అది నిజం. "ఇద్దరు దాటుకుంటేనే కదే ముడి పడేది. ఒక్కదానివే ఎలా వేస్తావు?" అన్నాను. పిన్నిగారు నాకేసి వింతగా చూశారు. ధవళేశ్వరంలో ఎవరిది తప్పో వెతుక్కుంటూ అందరం ఆగిపోయాం. ఇవాళ ఎవరూ ఆగలేదు. నాకు కనబడిన తేడా అదొక్కటే.

రావులపాలెం వంతెన మీదకి వచ్చేసరికి పద్మ ఒళ్లో కోలలు తీసి ముందు సీటు కడ్డీ మీద మెల్లగా వాయిస్తోంది. కండక్టరు పొద్దున్నవాడే. "దేవుడికి ఇచ్చేయలేదాండీ కర్రలు?" అన్నాడు.

"తీసుకోలేదండీ" అంది పద్మ. "ఇంకా పనుందన్నాడండీ."